పైథాన్ లిస్ట్‌లోంచి రాండమ్‌గా తీయడం: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో పైథాన్ కోర్సు చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల కోడ్ నేను రోజూ చూస్తుంటాను. లిస్ట్‌లోంచి ఏదో ఒకటి చీటీ తీసినట్టు తీసే పైథాన్ రాండమ్ (random) మాడ్యూల్ దగ్గర దాదాపు అందరికీ ఇవే అపోహలు.

అపోహ: ఒకేసారి కొన్ని పేర్లు తీయడానికి ఛాయిసెస్ (choices) వాడినా శాంపిల్ (sample) వాడినా ఒకటే.

అస్సలు కాదండీ. ఛాయిసెస్ తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేసి ఇంకోటి తీస్తుంది, శాంపిల్ వెయ్యదు. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు, వినాయక చవితి లక్కీ డ్రాలో 5 బహుమతులు అనుకోండి. ఛాయిసెస్‌తో తీస్తే ఏదో ఒక ఫ్లాట్ పేరు మళ్ళీ వచ్చే అవకాశం దాదాపు 42 శాతం, అంటే రెండు మూడు సార్లు రన్ చేసి బాగానే ఉందనుకుని వదిలేస్తే అందరి ముందు డ్రా తీసేటప్పుడు బయటపడుతుంది, ఇక గొడవే. ఇక్కడ కావాల్సింది శాంపిల్. అయితే శాంపిల్ చూసేది స్థానాన్ని, విలువను కాదు. లిస్ట్‌లో ఒకే ఫ్లాట్ నంబర్ రెండుసార్లు పడి ఉంటే అది రెండుసార్లూ గెలవచ్చు, కాబట్టి ముందే డూప్లికేట్లు తీసేయాలి. అందుకోసం లిస్ట్‌ని సెట్‌గా (డూప్లికేట్లు ఉంచుకోని పైథాన్ టైప్) మార్చి నేరుగా శాంపిల్‌కి ఇస్తే పైథాన్ 3.11 నుంచి టైప్ ఎర్రర్ వస్తుంది, మళ్ళీ లిస్ట్‌గా మార్చి ఇవ్వండి.

అపోహ: వెంటవెంటనే ఒకే పేరు వస్తే కోడ్ తప్పు.

ఒక్కో పేరు తీసే ఛాయిస్ (choice) ఫంక్షన్‌కి ఇందాక ఎవరిని తీసిందో గుర్తుండదు. 5 పేర్లుంటే, ఇప్పుడు వచ్చిన పేరే మళ్ళీ వచ్చే అవకాశం 20 శాతం.

అపోహ: షఫుల్ కలిపిన లిస్ట్‌ని తిరిగి ఇస్తుంది.

ఇచ్చేది నన్ (None), అంటే ఏమీ ఇవ్వదు. అసలు లిస్టే మారిపోతుంది.

అపోహ: సీడ్ పెడితే ఇంకా బాగా కలుస్తుంది.

సీడ్ అంటే రాండమ్ లెక్క మొదలుపెట్టే సంఖ్య. దాన్ని 42 అని పెడితే ప్రతి రన్‌లోనూ అవే పేర్లు అదే వరుసలో వస్తాయి. టెస్టులకి అది చాలా అవసరం, కానీ డ్రా కోడ్‌లో ఉండిపోతే విజేతలెవరో ముందే తెలిసిపోతుంది, దయచేసి తీసేయండి.

అపోహ: ఓటీపీకి కూడా రాండమ్ చాలు.

ఇది మాత్రం ప్రమాదం. రాండమ్ మాడ్యూల్ వెనక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్, 1997 నాటి అల్గారిథమ్. అది వరుసగా ఇచ్చిన 624 పూర్తి 32 బిట్ల సంఖ్యలు ఎవరికైనా దొరికితే తర్వాత రాబోయేవన్నీ లెక్కకట్టి చెప్పేయగలరు. పాస్‌వర్డ్, ఓటీపీ, డబ్బు ముడిపడిన డ్రా, వేటికైనా పైథాన్ 3.6లో వచ్చిన సీక్రెట్స్ మాడ్యూల్ వాడండి. అందులో ఛాయిస్ ఉంది, శాంపిల్ నేరుగా లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి రాండమ్ తీసుకునే సిస్టమ్‌రాండమ్ (SystemRandom) ఆబ్జెక్ట్ ఒకటి చేసుకుని దాని మీద శాంపిల్ పిలిస్తే సరిపోతుంది, సీడ్ ఇచ్చినా అది పట్టించుకోదు.