ఇంగ్లండ్‌లో డాక్టర్‌కి ఫీజు ఎవరిస్తారు?

ఒరేయ్ చింటూ, అమ్ములూ,

అత్త క్లినిక్‌లో ఎవరూ ఫీజు కట్టట్లేదు, మరి డాక్టర్లకి డబ్బులెలా వస్తాయి తాతయ్యా అని మొన్న వీడియో కాల్‌లో అడిగారు కదా, నేనూ అక్కడ చాలా ఏళ్ళు జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టర్‌గా చేసినవాణ్ణే కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

అక్కడి ప్రభుత్వ వైద్యం పేరు ఎన్‌హెచ్‌ఎస్, 1948 జూలై 5న మొదలైంది, నడిచేది జనం కట్టే పన్నులతో. కానీ జీపీలందరూ గవర్నమెంట్ ఉద్యోగులేం కాదు. క్లినిక్ నడిపే డాక్టర్లని పార్ట్‌నర్లు అంటారు, వాళ్ళు ఎన్‌హెచ్‌ఎస్‌తో కాంట్రాక్ట్ చేసుకుంటారు, అందులో పెద్ద వాటా డబ్బు పేషెంట్ వచ్చినందుకు కాదు, ఆ క్లినిక్‌లో నమోదైన పేషెంట్ల లిస్టులో పేరున్నందుకు వస్తుంది. మా చిన్నప్పుడు ఊళ్ళో మంగలికి, వడ్రంగికి పనికింత అని లేకుండా ఏడాదికోసారి కల్లం దగ్గర మేర, అంటే వాళ్ళ వాటా ధాన్యం, కొలిచేవాళ్ళు, అదే పద్ధతి. నువ్వు ఇరవైసార్లు వెళ్ళు, అసలు వెళ్ళకు, లెక్క మారదు.

అలా అని అందరికీ ఒకటే రేటు కాదు. 2004 నుంచి కార్-హిల్ ఫార్ములా అని ఒకటుంది, పసిపిల్లలకి, ముసలివాళ్ళకి ఎక్కువ కడుతుంది, వృద్ధాశ్రమంలో ఉంటే ఇంకాస్త, లిస్టులో కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఏడాది ఎక్కువసార్లు వస్తారని వాళ్ళకీ కొంచెం ఎక్కువ. బీదవాళ్ళుండే పేటల్లో రోగాలెక్కువ కదా, దానికి తగ్గట్టు ఇవ్వట్లేదని ఎప్పట్నుంచో గొడవ, నేనూ ఆ మాటే అంటా. అక్కడివాళ్ళు వెళ్ళడానికి ఇష్టపడని అలాంటి చోట్లకే, వేల్స్ బొగ్గు గనుల ఊళ్ళలాంటివాటికి, 60లు, 70ల్లో మన ఇండియా డాక్టర్లు బోలెడుమంది వెళ్ళారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు.

డబ్బు ఎలాగూ వస్తుంది కదా, పేషెంట్లని పట్టించుకోకపోతే ఏంటి అంటావేమో చింటూ, నీ బుర్ర అటే పోతుంది నాకు తెలుసు. అందుకే 2004లోనే పాయింట్లు కూడా పెట్టారు, బీపీ ఉన్నవాళ్ళలో ఇంతమందికి కంట్రోల్‌లో ఉంటే ఇన్ని పాయింట్లు, షుగర్‌వాళ్ళకి టెస్టులు చేస్తే ఇన్ని, పాయింట్‌కి ఇన్ని పౌండ్లు. మంచిదే, కాకపోతే దగ్గని వచ్చిన మనిషి మాట్లాడుతుంటే మనం కంప్యూటర్‌లో బీపీ గడి నింపుతూ కూర్చుంటాం, అదే నాకు నచ్చేది కాదు.

వచ్చిన డబ్బులో నర్సుకి, రిసెప్షన్‌లో వాళ్ళకి జీతాలు, మిగతా ఖర్చులూ పోగా మిగిలిందే పార్ట్‌నర్ల సంపాదన. మీ అత్త పార్ట్‌నర్ కాదు, నెలజీతం డాక్టర్. చేరమని అడిగారట, ఆ లెక్కల తలనొప్పి నాకొద్దు నాన్నా అంది.

మీ తాతయ్య