కరెంటు పెడితే డిస్క్ సర్దుకుంటుందా? నడుం నొప్పి, టెన్స్, ఐఎఫ్‌టీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: కరెంటు పెడితే పక్కకు జరిగిన డిస్క్ లోపలికి వెళ్తుంది.

వాస్తవం: ఈ కరెంటు మెషిన్లేవీ డిస్క్‌ను కదపలేవు. టెన్స్ (చర్మం మీద అంటించిన ప్యాడ్ల ద్వారా నరాలకు కరెంటు పంపే మెషిన్) చేసేదల్లా స్పర్శను మోసే లావు నరపోగులను ప్రేరేపించి, వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాల జోరు తగ్గించడం. శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ 1965లో చెప్పిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం దీనికి ఆధారం. ఉపశమనం మెషిన్ ఆన్‌లో ఉన్నంతసేపు, ఆపాక మరికాసేపు. ఆ వ్యవధిలోనే లేచి నడవాలి, వ్యాయామం చేయాలి. కరెంటు పెట్టించుకుని ఇంటికెళ్లి పడుకుంటే డబ్బు దండగే.

అపోహ: కొద్దిగా చిమచిమలాడితే చాలు.

వాస్తవం: టెన్స్ పనిచేయలేదనే వాళ్లలో చాలామంది దాన్ని సరిపడా పెంచి ఉండరు. 80-100 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కరెంటు తాపులు), ఒక్కో తాపు 100 మైక్రోసెకన్ల దగ్గర మొదలుపెట్టి, గట్టిగా తెలుస్తూనే నొప్పి పుట్టని స్థాయికి తేవాలి. ఐదు నిమిషాల్లో ఒంటికి అలవాటై మందగిస్తుంది. మళ్లీ కొంచెం పెంచాలి. 20-30 నిమిషాలు చాలు. టెన్స్‌లోనే మరోటైన 2-4 హెర్ట్జ్ పద్ధతిలో కండరం టకటకా అదరాలి. మార్ఫిన్ లాంటి మందులు చాలాకాలంగా వాడేవారికి అది అంతగా పనిచేయదు. ప్యాడ్లు వెన్నెముకకు అటూ ఇటూ, ఒకదానికొకటి తగలకుండా అంటించాలి. జెల్ ఎండిపోయినా, అంచు లేచినా కరెంటంతా ఒకేచోట చేరి చురుక్కుమంటుంది. ఐఎఫ్‌టీ (రెండు కరెంట్లను ఒకేచోట కలిసేలా పెట్టే మరో మెషిన్) స్పాంజి సరిగ్గా తడవకపోయినా అంతే, చర్మం కాలొచ్చు. ప్యాడ్ తీసేముందు మెషిన్ ఆపాలి.

అపోహ: ఐఎఫ్‌టీ లోతుకు వెళ్తుంది, కాబట్టి టెన్స్‌ కంటే మేలు.

వాస్తవం: 4000, 4100 హెర్ట్జ్ కరెంట్లు ఒకదాన్నొకటి దాటేచోట 100 హెర్ట్జ్ ప్రభావం వస్తుంది. ఇంత ఎక్కువ హెర్ట్జ్ కరెంటుకు చర్మం దగ్గర అడ్డు తక్కువ కాబట్టి ఒంటికి హాయిగా ఉంటుంది. నొప్పి తగ్గించడంలో టెన్స్‌ను మించుతుందని తేలలేదు.

అపోహ: పది సిట్టింగులు పూర్తిచేస్తే నయం.

వాస్తవం: కరెంటుతో నొప్పి కాసేపు తగ్గొచ్చేమో గానీ నయం కాదు. బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే సంస్థ నైస్ 2016లోనే నడుం నొప్పికి టెన్స్, ఐఎఫ్‌టీ రెండూ వద్దంది. దీర్ఘకాలిక నడుం నొప్పికి టెన్స్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. కరెంటు తప్ప వేరే ఏమీ చేయించని ప్యాకేజీ అయితే మానేయండి.

అపోహ: పైపైనే కదా, ఎవరికైనా పెట్టొచ్చు.

వాస్తవం: పేస్‌మేకర్ ఉంటే వద్దు. గర్భిణులకు నడుం మీద, పొట్ట మీద వద్దు. పుండ్లు, క్యాన్సర్ గడ్డలు ఉన్నచోట పెట్టకూడదు. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు, అందుకే ముందు చర్మానికి చల్లన, వెచ్చన తెలుస్తున్నాయో లేదో చూడాలి. మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గుతున్నా ఏ మెషినూ వద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.