పురుగుల జన్యువులతో ఉద్యోగం: నేను తరచూ వినే అపోహలు, చూసిన వాస్తవాలు

ఏటా జూన్, జులై నెలల్లో నా గదికి పిల్లలు వస్తారు. ఎమ్మెస్సీ జువాలజీ వాళ్లు, బయోటెక్నాలజీ వాళ్లు, అగ్రికల్చర్ వాళ్లు. కొందరి వెంట నాన్నో అన్నయ్యో కూడా వస్తారు. "మేడమ్, పురుగుల మీద పీహెచ్‌డీ చేస్తే ఏమొస్తుంది?" అని ముందుగా అడిగేది వాళ్లే. అడగడంలో తప్పు లేదు, ఇంట్లో పెద్దలు అడగాల్సిన మాటే. కానీ ఆ ప్రశ్న వెనుక ఉన్న ఊహలు చాలావరకు తప్పు. ఇరవై ఏళ్లుగా పట్టుపురుగు జన్యువుల మీద పనిచేస్తున్నాను. అంతకుముందు హిందూపురం దగ్గర మా ఊళ్లో అమ్మ పట్టుపురుగులు పెంచుతుంటే తట్టలు శుభ్రం చేసి, ఆకు కోసి తెచ్చేదాన్ని. ఆ రెండూ తెలిసిన మనిషిగా ఇది రాస్తున్నాను.

అపోహ: మెడికల్ సీటు రానివాళ్లు చేరే చదువు ఇది

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. మనిషి శరీరం గురించి మనకు తెలిసిన విషయాల్లో ఎన్నో మొదట పురుగుల్లోనే బయటపడ్డాయి. 1910లో కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గాన్‌కు ఎర్ర కళ్ల పండ్ల ఈగల మధ్య తెల్ల కళ్ల మగ ఈగ ఒకటి కనిపించింది. ఆ ఒక్క ఈగ సంతానాన్ని లెక్కపెట్టుకుంటూ వెళ్లి, జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని ఆయన చూపించారు. 1933లో నోబెల్ వచ్చింది. పిండంలో తల ఎక్కడ రావాలి, తోక ఎక్కడ రావాలి అని నిర్ణయించే జన్యువులకు 1995లో, పుట్టుకతో వచ్చే రోగనిరోధక శక్తికి సంబంధించిన పనికి 2011లో, శరీరంలోని పగలూ రాత్రి గడియారానికి 2017లో వచ్చిన నోబెల్‌ బహుమతుల వెనుక కూడా అదే పండ్ల ఈగ ఉంది. వైద్యంలో పాఠంగా చదివేది ఇక్కడ ప్రయోగంగా మొదలైంది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. ఆ భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. హైదరాబాద్‌లో చదివే పిల్లలు ఒక్కసారైనా వెళ్లి చూడాలని నా కోరిక.

అపోహ: మాలిక్యులర్ బయాలజీ కదా, పురుగును ముట్టుకోనక్కర్లేదు

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉన్న అపోహ ఇదే, ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. డీఎన్ఏ తీయడం, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పద్ధతి) పెట్టడం, కంప్యూటర్లో సీక్వెన్సులు పోల్చడం... ఇదే పని అనుకుని వస్తారు. అవి ఆరు నెలల్లో వచ్చేస్తాయి. పురుగును పెంచడం నేర్చుకోవడానికే ఏళ్లు పడుతుంది.

పట్టుపురుగులో ఒక కొత్త జన్యువు పెట్టాలనుకుందాం. గుడ్డు పెట్టిన మొదటి కొన్ని గంటల్లో లోపల కణాలకు హద్దులు ఏర్పడవు, కేంద్రకాలు మాత్రమే విడిపోతూ ఉంటాయి. ఆ సమయంలో ఇంజెక్షన్ ఇస్తేనే మనం పెట్టిన డీఎన్ఏ బీజకణాల్లోకి చేరే అవకాశం ఉంటుంది. అందుకే ఆ రోజు పొద్దున్నే చిలుకలను (గూటి నుంచి రెక్కలతో బయటికొచ్చిన పురుగులను) జత కట్టించి, విడదీసి, ఆడవాటిని చీకట్లో గుడ్లు పెట్టనివ్వాలి. పెట్టిన గుడ్లను వెంటనే వరుసగా అంటించాలి. పట్టుపురుగు గుడ్డు పెంకు గట్టిది, గాజు సూది నేరుగా దిగదు. ముందు టంగ్‌స్టన్ సూదితో రంధ్రం చేసి, దాంట్లోంచి గాజు సూది పంపి, ఆపైన రంధ్రాన్ని జిగురు చుక్కతో మూయాలి. ఇలా వందల గుడ్లు. పదిరోజులకు పొదుగుతాయి. పొదిగినవి పొదగగా, వాటిని ఐదు దశలు దాటించి, గూళ్లు కట్టించి, చిలుకలయ్యాక మళ్లీ జత కట్టించి, తర్వాతి తరంలో మైక్రోస్కోపు కింద ఒక్కో పురుగు కళ్లు చూడాలి. గుర్తుగా పెట్టిన జన్యువు పనిచేస్తే కళ్లలో ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది. వందల్లో ఒకటీ రెండూ వెలిగితే ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ పండగే. అసలు ఒక్కటీ వెలగని రోజులూ ఉంటాయి.

ఇందులో ఏ మెట్టు తప్పినా మొత్తం పోతుంది. బైవోల్టిన్ రకం (ఏడాదికి రెండు తరాలు వచ్చే రకం) పురుగు పెట్టే గుడ్డు వెంటనే పొదుగుతుందా, నెలల తరబడి నిద్రపోతుందా అన్నది దాని తల్లి గుడ్డుగా ఉన్నప్పుడు అనుభవించిన వేడిని, వెలుతురును బట్టి ఉంటుంది. తల్లి గుడ్డు వెచ్చగా, వెలుతురులో ఉంటే పిల్ల గుడ్డు నిద్రలోకి వెళ్తుంది. చల్లగా, చీకట్లో ఉంటే వెంటనే పొదుగుతుంది. ఇది పట్టించుకోకుండా ప్రయోగం మొదలుపెట్టిన విద్యార్థికి పొదగని గుడ్లే మిగులుతాయి. ప్రోటోకాల్‌లో తప్పుందని వారాల తరబడి వెతుకుతారు. తప్పు ఇంక్యుబేటర్‌లో, అదీ వెనుకటి తరంలో ఉంటుంది.

నేను పీహెచ్‌డీలో ఉండగా మూడు తరాల పాటు కలిపి పెంచుకున్న పురుగులు ఒక్క రాత్రిలో చచ్చిపోయాయి. నల్లగా మారి, నోటి వెంట ద్రవం కక్కి, తట్ట నిండా పడి ఉన్నాయి. ఏడుస్తూ అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ అడిగింది ఒక్కటే: "ఆకు వాసన చూశావా?" చూడలేదు. మల్బరీ తోట పక్క మడిలో ముందురోజు మందు కొట్టారు, గాలికి ఇటు వచ్చింది. అమ్మ ఏ రోజూ వాసన చూడకుండా ఆకు వేసేది కాదు. బీడీ తాగి వచ్చినవాళ్లను షెడ్డు గడప దాటనిచ్చేది కాదు. ఆ జాగ్రత్త వెనుక ఎంత శాస్త్రం ఉందో నాకు ఆ రాత్రి అర్థమైంది. ఇప్పుడు మా ల్యాబ్‌లో చేరిన ఎవరికైనా మొదటి మూడు నెలలు పైపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) ఇవ్వను. ఒక బ్యాచ్ పురుగులను గుడ్డు నుంచి గుడ్డు దాకా పెంచాలి. ఏ పురుగు జ్వరంలో ఉందో (మా వైపు పొర విడిచే దశను జ్వరం అంటారు) తల ఎత్తి కదలకుండా ఉన్న తీరు చూసి చెప్పగలగాలి.

పండ్ల ఈగలతో పనిచేసేవాళ్లకూ ఇంతే. ఈగల స్టాకులను కణాల్లాగా ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోలేం. బతికి ఉన్న ఈగలనే వారాల లెక్కన కొత్త సీసాల్లోకి మార్చుతూ ఉండాలి. సంక్రాంతి వచ్చినా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఎవరో ఒకరు మార్చాలి.

అపోహ: ఒక పురుగులో పనిచేసిన పద్ధతి అన్నిటిలోనూ పనిచేస్తుంది

ఆర్ఎన్ఏ అంతరాయం అనే పద్ధతి ఉంది. మనకు కావాల్సిన జన్యువును నోరు నొక్కినట్టు ఆపేసే పద్ధతి. పిండి పురుగులాంటి పెంకు పురుగుల్లో చక్కగా పనిచేస్తుంది. గొంగళి పురుగుల్లో మాత్రం చాలాసార్లు మొండికేస్తుంది. వాటి పేగుల్లోని ఎంజైములు మనం ఇచ్చిన రెండు పోగుల ఆర్ఎన్ఏను ముక్కలు చేసేస్తాయి.

మా విద్యార్థిని ఒకామె శనగపచ్చ పురుగు మీద పద్నాలుగు నెలలు ఇదే చేసింది. ఫలితం లేదు. చదువు మానేస్తానంది. అప్పుడు ఇద్దరం కూర్చుని ప్రశ్న మార్చాం. ఆర్ఎన్ఏ పనిచేయనప్పుడు, పేగు రసంలో అది ఎంతసేపు నిలుస్తోందో కొలిస్తే? అదే ఆమె థీసిస్‌లో అందరూ ఎక్కువ ప్రశ్నలు అడిగిన అధ్యాయమైంది.

అపోహ: పురుగుల పరిశోధన అంటే పురుగుమందుల పరిశోధనే

కత్తెర పురుగు పేరు మొక్కజొన్న రైతులందరికీ తెలుసు. 2018లో మన దేశంలోకి వచ్చి చేలను జల్లెడ చేసింది. అదే జాతి పురుగు ప్యూపా అండాశయం నుంచి ఎప్పుడో తీసిన కణాలు ప్రపంచమంతటా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. ఎస్ఎఫ్9 కణాలంటారు. నోవావాక్స్ కొవిడ్ టీకాలోని ప్రోటీన్‌ను తయారుచేసేది ఈ కణాల్లోనే. మన దేశంలో కొవోవాక్స్ పేరుతో వచ్చింది అదే టీకా.

ఆ కణాలకు ప్రోటీన్ తయారుచేయమని ఆజ్ఞ మోసుకెళ్లేది బాక్యులోవైరస్. పట్టుపురుగుకు ఒళ్లంతా పాలలా కారిపోయే జబ్బు తెచ్చేది దానికి దగ్గరి చుట్టం. అమ్మ పెంపకంలో ఒక పంట మొత్తం ఆ జబ్బుతో పోయిన ఏడాది నాకు గుర్తుంది. ఆ సంవత్సరం నాకు స్కూలు ఫీజు కట్టలేకపోయారు. అదే వైరస్‌ను పట్టుపురుగులోనే ఆర్ఎన్ఏ అంతరాయంతో అడ్డుకోవచ్చని హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు గారి బృందం చూపించింది. ఆయన 2012 చివరిలో కన్నుమూశారు. తెలుగు నేలపై పట్టుపురుగు జన్యుశాస్త్రానికి ఆయన వేసిన దారి మాలాంటివాళ్లకు ఇప్పటికీ ఆధారం. అయితే ఇలా మార్చిన పురుగు ల్యాబ్ దాటి రైతు షెడ్డులోకి వెళ్లాలంటే ఎన్నో అనుమతులు కావాలి. ఫలితం చూసేసరికి ఒక పరిశోధకుడి సగం జీవితం గడిచిపోవచ్చు. ఇది తెలిసే రావాలి.

పొలంతో సంబంధం లేకుండా కూడా ఈ పని సాగదు. బీటీ పత్తికి 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి బీటీ ప్రోటీన్‌ను తట్టుకుంటోందని తేలింది. పేగు గోడలో ఆ ప్రోటీన్ అతుక్కునే క్యాడ్‌హెరిన్ అనే మరో ప్రోటీన్ తాలూకు జన్యువు మారిపోవడం అందుకు ఒక కారణం. ఇది చెప్పింది మాలిక్యులర్ బయాలజీయే. కానీ ఆ నమూనాలు దొరకాలంటే పత్తి చేలో గుడ్డి పూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) గుర్తుపట్టి, కాయలు చీల్చి లోపలి పురుగును బతికుండగా తేవాలి.

అపోహ: అమ్మాయిలకు పడదు

మా ల్యాబ్‌లో ఆరుగురిలో నలుగురు అమ్మాయిలే. నిజంగా జాగ్రత్తపడాల్సింది చిలుకల రెక్కల పొడి విషయంలో. కొందరికి దాంతో ఆయాసం, అలర్జీ వస్తాయి. అబ్బాయిలైనా అమ్మాయిలైనా మొదటిరోజు నుంచే మాస్కు పెట్టుకోండి.

అపోహ: ఉద్యోగాలే లేవు. ఇంకో అపోహ: పీహెచ్‌డీ ఉంటే ఉద్యోగం ఖాయం

రెండూ నిజం కాదు. ఇక్కడ అంకెలు చెప్పడం నా బాధ్యత. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. అంటే స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై మూడు, ముప్పై ఐదేళ్ల వయసు. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాని రోజులు నేనూ చూశాను, నా విద్యార్థులూ చూశారు. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లలకు అది చాలా టెన్షన్. చేరేముందే ఇంట్లో ఈ లెక్క కూర్చుని మాట్లాడుకోండి.

చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం ఇంకొకటి. మనకు రెండు దారులున్నాయి, అవి వేర్వేరు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో కీటకశాస్త్ర పోస్టులకు సాధారణంగా ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌లో ఆ సబ్జెక్టే ఉండాలి. జువాలజీ, బయోటెక్నాలజీ వాళ్లకు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలు, మామూలు విశ్వవిద్యాలయాలు, కాలేజీలు దారి. పీహెచ్‌డీ అయ్యాక నోటిఫికేషన్ చదివి, "మేడమ్, నాకు అర్హత లేదట" అని వచ్చినవాళ్లను చూశాను. డిగ్రీ రెండో ఏట తెలుసుకోవాల్సిన విషయమది.

విదేశానికి వెళ్లడం తప్పనిసరి కాదు, వెళ్తే మంచిదే. నేను రెండేళ్లు జపాన్‌లో ఉన్నాను. పట్టుపురుగు మీద వాళ్లకున్న పట్టు ఇంకెక్కడా లేదు. ఆడ పట్టుపురుగు ఆడదిగా మారడానికి కారణం ఒక చిన్న ఆర్ఎన్ఏ అని 2014లో తేల్చింది కూడా టోక్యో పరిశోధకులే.

అపోహ: మార్కులు బాగుంటే చాలు

ఇంటర్వ్యూలో నేను మార్కులు చూస్తాను, కానీ మొదట అడిగేది "ఏ పురుగునైనా పెంచావా?" అని. పోయినేడాది ఒక అబ్బాయి, హాస్టల్ గదిలో బియ్యం డబ్బాకు పట్టిన పురుగులను పారేయకుండా సీసాలో పెట్టి, ఎన్ని రోజులకు చిలుకలవుతున్నాయో నోటుపుస్తకంలో రాసుకున్నానని చెప్పాడు. పుస్తకం తెచ్చి చూపించాడు. వేడి ఎక్కువైన మే నెలలో రోజులు తగ్గడం కూడా రాసుకున్నాడు. అతనికి నెట్ ర్యాంకు గొప్పగా లేదు. ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు, మొదటి బ్యాచ్ పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి.