పాత డ్రమ్ముకు కొత్త రంగా? గీకే ముందు ఈ అపోహలు వదిలించుకోండి

మల్కాజిగిరిలో మా ఇంటి వెనక వరండాయే నా వర్క్‌షాప్. పాత డ్రమ్ సెట్ ఎవరింట్లో బయటపడినా నాకు ఫోన్ వస్తుంది. సికింద్రాబాద్ వైపు నుంచే ఎక్కువ. చర్చి స్టోర్‌రూముల్లో, రైల్వే క్వార్టర్స్ అటకల మీద, ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపినవాళ్ల ఇళ్లల్లో ఇవి ఇంకా దొరుకుతున్నాయి. అందరూ అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, మొత్తం గీకేసి కొత్త రంగు కొట్టాలె, ఎంతైతది?"

ఎంతవుతుందో తర్వాత. అసలు గీకాలా వద్దా అన్నది ముందు తేలాలి. ఎందుకంటే ఒకసారి గీకిన ఫినిష్ మళ్లీ రాదు.

అపోహ: కొత్త రంగు వేస్తే విలువ పెరుగుతుంది

పాత లుడ్విగ్, గ్రెట్ష్, స్లింగర్‌లాండ్, ప్రీమియర్ కంపెనీల డ్రమ్ముల విషయంలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. గీతలు పడినా, రంగు కాస్త పసుపెక్కినా, ఫ్యాక్టరీలో వేసిన ఫినిష్ ఉన్న డ్రమ్ముకే కలెక్టర్లు ఎక్కువ ఇస్తారు. ఎంత చక్కగా రంగు వేసినా, రంగు మార్చిన డ్రమ్ము ధర తగ్గుతుంది.

పోయిన ఏడాది ఒక కుర్రాడు వాళ్ల తాతగారి ప్రీమియర్ సెట్ ఆటోలో వేసుకుని వచ్చాడు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో తయారైన సెట్. ఎవరో దాని ఒళ్లంతా నల్ల ఎనామిల్ పూసేశారు, బ్యాడ్జీని కూడా వదల్లేదు. ఆ నలుపు తీసేసి ఎరుపు వేయమని అడిగాడు. నేను అలవాటు ప్రకారం ముందు ఒక లగ్గు (బిగించే బోల్టులు పట్టే లోహపు ముక్క) విప్పాను. దాని కింద బ్రష్ చేరని చోట, రూపాయి బిళ్లంత మేర, ముత్యపు చిప్పలా తళుక్కుమంది. ఎనామిల్ కింద అసలు పర్ల్ ర్యాప్, అంటే డ్రమ్ము చుట్టూ అంటించే ముత్యపు మెరుపు ప్లాస్టిక్ షీటు, అలాగే ఉంది!

నున్నటి ప్లాస్టిక్ మీద ఎనామిల్ గట్టిగా పట్టుకోదు. గోరుతో లాగితే పెచ్చు లేచింది. మూడు ఆదివారాలు కూర్చుని పాత మెట్రో కార్డు అంచుతో, తడిగుడ్డతో మెల్లగా తీశాను. రంగు తీసే మందు వాడలేదు, ఎమ్రీ పేపర్ తగలనివ్వలేదు. తర్వాత మెత్తటి రబ్బింగ్ కాంపౌండ్‌తో తుడిస్తే చాలా చోట్ల మెరుపు తిరిగొచ్చింది. కుర్రాడు వచ్చి చూసి, "తాత ఫోటోలో ఉన్నది ఇదే అన్నా" అన్నాడు. ఎరుపు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబర్‌లో. కాబట్టి పాత రంగును పొడిగా రుద్దకండి. తడిపి తీయండి, మాస్క్ పెట్టుకోండి, చిన్నపిల్లలు తిరిగే చోట ఆ పని పెట్టుకోవద్దు.

అపోహ: థిన్నర్ గానీ హీట్ గన్ గానీ ఉంటే ఏదైనా వచ్చేస్తుంది

వచ్చేస్తుంది, కానీ దాంతోపాటు డ్రమ్ము కూడా పోవచ్చు. పాత ర్యాప్‌లు చాలావరకు సెల్యులాయిడ్. నైట్రోసెల్యులోజ్‌కి కర్పూరం కలిపి చేసే ప్లాస్టిక్ అది. పాత సినిమా రీళ్లు, పాత పింగ్‌పాంగ్ బంతులు దాంతోనే చేసేవాళ్లు. పాత ర్యాప్‌ను బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, లీలగా హారతి పళ్లెం గుర్తొస్తే అది సెల్యులాయిడే. మనం చెక్కకు కొట్టే ఎన్‌సీ లాక్కర్‌కీ మూలం ఆ నైట్రోసెల్యులోజే కాబట్టి, దాని థిన్నర్ ఈ ర్యాప్‌నూ కరిగించేస్తుంది. మరక తుడుద్దామని గుడ్డ తడిపి పెడితే పర్ల్ కాస్తా జిగురైపోతుంది.

ఇక హీట్ గన్. దాని నోటి దగ్గర వేడి 300 డిగ్రీలు దాటిపోతుంది, సెల్యులాయిడ్‌కు అందులో సగం చాలు. ఈ పని మొదలుపెట్టిన రోజుల్లో నేనే ఆ తప్పు చేశాను. ఒక టామ్ (సెట్‌లోని చిన్న డ్రమ్ము) ర్యాప్ లేపుతుంటే అంచు భగ్గుమంది. ఊదితే ఆరే మంట కాదది. పక్కనే బకెట్లో నీళ్లు ఉండబట్టి షెల్, అంటే డ్రమ్ము గుండ్రటి ఒళ్లు, దక్కింది. ఇప్పుడు మామూలు హెయిర్ డ్రయర్ మాత్రమే వాడతాను. అతుకు దగ్గర మొదలుపెట్టి, జానెడు జానెడు వెచ్చబెడుతూ, పుట్టీ బ్లేడు పడుకోబెట్టి లేపాలి.

పెయింట్ రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉన్నవి మరీ ప్రమాదం. ఒంట్లోకి వెళ్తే అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లో మామూలు జనానికి రంగు తీసే మందుగా దాని అమ్మకం నిషేధించారు. తలుపులు మూసిన గదిలో వాడటం ప్రాణాలతో చెలగాటమే. పైగా 1970ల్లో పెర్ల్ కంపెనీ చేసిన చెక్క, ఫైబర్‌గ్లాస్ కలిపిన షెల్స్ మీద ఇలాంటి మందు పోస్తే లోపలి రెజిన్ మెత్తబడుతుంది. లుడ్విగ్ విస్టాలైట్ లాంటి యాక్రిలిక్ షెల్స్‌కి థిన్నర్ గుడ్డ తగిలితే చాలు, సన్నటి పగుళ్లు పడతాయి.

అపోహ: ర్యాప్ కింద అందమైన చెక్క దాగి ఉంటుంది

ఒక్కోసారి ఉంటుంది, చాలాసార్లు ఉండదు. ర్యాప్‌తో కప్పే షెల్‌కి పైపొర అందంగా ఉండాల్సిన పని ఫ్యాక్టరీవాళ్లకు లేదు. అతుకులు, లప్పం, జిగురు మరకలు కనిపిస్తాయి. ఆ మరకలు పోవాలని మెషిన్ పెట్టి రుద్దితే కింది పొర బయటపడుతుంది, ఎందుకంటే పైపొర చాలా పలచన. నేను 120 నంబరు పేపర్‌తో చేత్తోనే మొదలుపెట్టి, 180, 240, 320 దగ్గర ఆపేస్తాను. అప్పటికీ చెక్క బాగోలేకపోతే చెక్క కనపడకుండా దట్టంగా రంగు వేయడమో, కొత్త ర్యాప్ చుట్టడమో మంచిది.

కొత్త ర్యాప్‌ని పాత ర్యాప్ మీదే అంటించమని అడుగుతుంటారు. వద్దు. ఒక్కో పొర అర మిల్లీమీటరు ఉన్నా చుట్టుకొలతలో తేడా వస్తుంది, హెడ్ (మనం కొట్టే పొర) అంచు బిగుసుకుపోయి ట్యూనింగ్ కుదరదు.

అపోహ: రంగు తీసేస్తే చెక్క ఊపిరి పీల్చుకుని సౌండ్ పెరుగుతుంది

"మృదంగానికి రంగు వేయరు కదా" అని ఒక పెద్దాయన నాతో వాదించారు. మృదంగం పనస దుంగను తొలిచి చేసేది, మూతల మీద తోలు, చుట్టూ తోలు వార్లు. డ్రమ్ సెట్ షెల్ పలచటి చెక్క పొరలను జిగురుతో అంటించి గుండ్రంగా వంచింది. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. డ్రమ్ సెట్ ధ్వనిలో పెద్ద వాటా హెడ్‌ది, ట్యూనింగ్‌ది, ఆ తర్వాత బేరింగ్ ఎడ్జ్‌ది. అంటే షెల్ అంచున హెడ్ ఆనే సన్నటి గీతది. పలచగా వేసిన లాక్కర్ తెచ్చే తేడా వాటి ముందు చాలా చిన్నది.

ఎడ్జ్ సమంగా ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. నా దగ్గర కిచెన్ ప్లాట్‌ఫామ్‌కి కోయగా మిగిలిన గ్రానైట్ ముక్క ఉంది. రాత్రిపూట లైట్లన్నీ ఆర్పి, షెల్‌ని దాని మీద బోర్లించి, లోపల చిన్న బల్బు పెడతాను. అంచు కింద ఎక్కడ వెలుగు గీత కనిపిస్తే అక్కడ ఎడ్జ్ పల్లంగా ఉన్నట్టు. రంగు కంటే ముందు దీనికి డబ్బు పెట్టండి. ఎడ్జ్ మీద రంగు పడనివ్వకండి, కొద్దిగా మైనం రాస్తే చాలు.

అపోహ: కార్‌కి రంగు వేసేవాడు డ్రమ్ముకీ వేస్తాడు

స్ప్రే గన్ పట్టుకోవడంలో వాళ్ల చేయి నాకంటే బాగా తిరుగుతుంది, కాదనను. కానీ సొట్ట కనిపిస్తే పూడ్చడం వాళ్ల వృత్తి. ఒక షాపులో రంగు వేయించుకున్న స్నేర్ (కింద తీగలు ఉండే డ్రమ్ము) నా దగ్గరికొచ్చింది. అద్దంలా ఉంది, కొడితే కింది తీగలు ఆగకుండా బర్రుమంటున్నాయి. హెడ్ విప్పి చూస్తే, కింది అంచులో ఎదురెదురుగా ఉండాల్సిన రెండు పల్లాలు లేవు. స్నేర్ బెడ్ అంటాం వాటిని. తీగలు హెడ్‌కి సరిగ్గా ఆనాలని ఫ్యాక్టరీలో కావాలనే తీసిన పల్లాలవి. డ్యామేజీ అనుకుని లప్పం పెట్టి నున్నగా చేసేశారు. ఆ లప్పం తవ్వి తీయడానికి నాకు రంగు వేసేంత టైమే పట్టింది.

లోపలివైపు ఎమ్రీ పేపర్ అసలు పెట్టొద్దు. 1960ల లుడ్విగ్ లోపల తేదీ ముద్ర ఉండొచ్చు, పాత గ్రెట్ష్ లోపల పూసిన వెండి రంగే దాని గుర్తింపు. రుద్దితే ఆ డ్రమ్ము పుట్టుక వివరం పోతుంది.

అపోహ: ఎన్‌సీ లాక్కర్ పది నిమిషాల్లో ఆరిపోతుంది, రేపే బిగించుకోవచ్చు

చేతికి అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. లోపల థిన్నర్ ఇంకా ఉండగానే లగ్గులు బిగిస్తే వాటి అచ్చు పడిపోతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు. అప్పటిదాకా, కనీసం మూడు నాలుగు వారాలు, నేను స్క్రూడ్రైవర్ ముట్టుకోను.

వానాకాలం ఇంకా కష్టం. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ అక్కడ పేరుకుని నల్లటి షెల్ కూడా బూడిద పూసినట్టు తెల్లబడుతుంది. రాణిగంజ్‌లో రిటార్డర్ థిన్నర్ దొరుకుతుంది, మెల్లగా ఆరుతుంది కాబట్టి కొంత ఆదుకుంటుంది. అయినా జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజున నేను స్ప్రే గన్ తీయను. వినాయక చవితి ప్రోగ్రాంకి సెట్ కావాలంటే ఏప్రిల్‌లోనే తెచ్చి ఇవ్వండి.