మన ఓటు రహస్యం, వాళ్ల ఓటు ఎవరిది?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ బరిలో 480 మంది ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగిన ఊళ్ల నుంచి, జలసాధన సమితి వెంట నడిచిన జనం నామినేషన్లు వేశారు. గెలుస్తామని కాదు, ఎన్ని ఓట్లేసినా మంచినీళ్లు రాలేదని దేశానికి చెప్పడానికి. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఎన్నిక వాయిదా పడింది. చివరికి సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. జనం గోడు వినడం కన్నా తలుపు ఎత్తు పెంచడమే తేలికనుకున్నారు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక్కడ జనం తమ ఓటు ఏమవుతోందని అడుగుతున్న ఆ రోజుల్లోనే, ఎంపీలు తమ ఓటును ఏం చేశారన్న కేసు ఢిల్లీలో నడిచింది. 1993 జులై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం 251-265 తేడాతో వీగిపోయింది. తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేయడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు డబ్బు తీసుకున్నారని సీబీఐ కేసు. 2000లో పి.వి.ని దోషిగా తేల్చిన తీర్పును 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

అయితే ఆ కేసులో మనం గుర్తు పెట్టుకోవలసింది 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు. సభలో వేసిన ఓటుకు ఎంపీని కోర్టుకు లాగకూడదని రాజ్యాంగం 105వ అధికరణం చెబుతుంది. సభ్యుడు భయం లేకుండా మాట్లాడాలన్నది దాని ఉద్దేశం. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఆ రక్షణను లంచానికీ చాచారు. దాంతో లంచం తీసుకుని, చెప్పినట్టే ఓటేసినవాళ్లు బయటపడ్డారు. తీసుకున్నారన్న ఆరోపణ ఉండి కూడా ఓటు వేయని అజిత్ సింగ్‌కు రక్షణ దొరకలేదు. ఇచ్చినవాళ్లకూ లేదు. అంటే బేరం పూర్తిగా నిలబెట్టుకున్నవాడే క్షేమం. పాతికేళ్లు ఈ దేశంలో చట్టం అదే. 2024 మార్చి 4న జార్ఖండ్ ఎమ్మెల్యే సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జీలు ఏకగ్రీవంగా దాన్ని తోసిపుచ్చారు. చేతిలో డబ్బు పడిన క్షణంలోనే నేరం పూర్తయిందని, ఆ తర్వాత ఎటు ఓటేశాడన్నది అనవసరమని చెప్పారు. రాజ్యసభ ఎన్నికల్లో ఎమ్మెల్యేల ఓటుకూ ఇదే వర్తిస్తుంది.

ఈ పాతికేళ్లలో మన జిల్లాల పేర్లూ వార్తల్లో నలిగాయి. 2015 మే 31న శాసనమండలి ఎన్నిక కోసం ఒక నామినేటెడ్ ఎమ్మెల్యేకు డబ్బు ఇవ్వజూపారంటూ అప్పటి కొడంగల్ ఎమ్మెల్యేను ఏసీబీ అరెస్టు చేసింది. అది కుట్ర అని ఆయన వాదన. 2022 అక్టోబరులో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో కొనజూశారని చెప్పిన నలుగురు ఎమ్మెల్యేల్లో అచ్చంపేట, కొల్లాపూర్ వాళ్లున్నారు.

ఫిరాయింపుల లెక్క ఇంకో రకం. 1985 చట్టం పార్టీ మారితే పదవి పోతుందంది. మూడింట రెండొంతుల మంది కలిసి పోతే మాత్రం అది విలీనం. 2019లో నల్లగొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి హుజూర్‌నగర్ ఎమ్మెల్యే పదవి వదిలేయగానే కాంగ్రెస్ బలం 18కి దిగింది. 12 మంది చాలు. జూన్‌లో నకిరేకల్, కొల్లాపూర్ ఎమ్మెల్యేలతో కలిపి సరిగ్గా 12 మంది టీఆర్‌ఎస్‌లో కలిశారు. ఆ తర్వాత గాలి ఎదురు తిరిగింది. గద్వాల ఎమ్మెల్యే సహా పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్‌లోకి పోయారన్న ఫిర్యాదులపై మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

మాకు చిన్నమ్మ వరసయ్యే ఒకామె ఎంపీటీసీగా చేసింది. స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికప్పుడు క్యాంపుకు పోయింది. "బస్సు ఎక్కంగనే ఫోన్లు తీసుకున్నరు బిడ్డా, ఏ ఊరికి పోతున్నమో సగం దూరం పోయినంక చెప్పిండ్రు" అంది. వాళ్లిచ్చిన పెన్నుతో బ్యాలెట్ మీద '1' వేసి మడిచిన తీరు నాకు చేత్తో చూపించింది. ఎవరికి వేసిందో చెప్పలేదు, నేను అడగలేదు. రాజ్యసభ ఎన్నికల్లో 2003 నుంచి ఎమ్మెల్యే తన ఓటు పార్టీ ఏజెంటుకు చూపించాలి. మండలి ఎన్నికల్లో ఇప్పటికీ రహస్య ఓటే. నా ఓటు రహస్యం కావడం నన్ను కాపాడుతుంది. నా తరఫున వేసే ఓటు రహస్యమైతే దానివల్ల బాగుపడేది కొనేవాడే.

లోక్‌సభలోనైనా పేర్లు తెలిసేది డివిజన్, అంటే ఒక్కొక్కరి ఓటూ లెక్కించి నమోదు చేయడం, జరిగినప్పుడే. మిగతా బిల్లులన్నీ "ఔను", "కాదు" అన్న కేకలతో గట్టెక్కుతాయి. 2014 ఫిబ్రవరి 18న తెలంగాణ బిల్లు వచ్చింది. సభ తలుపులు మూశారు, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. నల్లగొండలో మా ఇంట్లో టీవీ ముందు పదిహేను మందిమి కూర్చున్నాం. తెర మీద సభ లేదు. కాసేపటికి కింద స్క్రోలింగ్‌లో "మూజువాణి ఓటుతో ఆమోదం" అని వచ్చింది. అరుపులు, గులాల్, ఏడుపులు. మా నాయిన చెప్పులు కూడా వేసుకోకుండా గడియారం సెంటర్‌కు పరిగెత్తాడు.

నేనూ ఆయన వెనకే పోయాను. ఆ ఓటు మన బతుకుల్లో అన్నిటికన్నా పెద్దది. ఆ బిల్లుకు ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా నమోదైన జాబితా మాత్రం లేదు.