31 సెంట్ల కోసం వందమంది ఆడవాళ్లు

కీబోర్డు మీద షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం నాలుగూ ఒకేసారి నొక్కి పట్టుకోండి. బాగానే ఉంటుంది. కాకపోతే చెవి పెట్టి వింటే లోపల సన్నని గరగర ఒకటి తెలుస్తుంది, సినిమా పాటల్లో, హార్మోనియంలో చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం కాబట్టి మనం దాన్ని పట్టించుకోం. ఆ గరగర లేకుండా అవే నాలుగు స్వరాల్ని గొంతుతో పాడటమే పనిగా పెట్టుకుని, దానికి జడ్జీలు, పాయింట్లు, రౌండ్లు అన్నీ ఏర్పాటు చేసుకున్న ఆడవాళ్లు అమెరికాలోనూ ఇంకా చాలా దేశాల్లోనూ వేలమంది ఉన్నారు. ఆ పాట పేరు బార్బర్‌షాప్.

వాయిద్యాలేవీ ఉండవు. మొదట్లో పిచ్ పైప్ ఒకసారి ఊది శ్రుతి అందిస్తారు, ఆ తర్వాత అంతా గొంతులే. పాట వరస పాడేది లీడ్, ఆ పైన సన్నగా టెనర్, అడుగున బేస్, ఇక మిగిలిపోయిన స్వరం ఏదైనా సరే బారిటోన్ నెత్తిన పడుతుంది. మగవాళ్ల పాటలో పుట్టిన ఈ పేర్లనే ఆడవాళ్లూ వాడుకుంటారు, కాబట్టి బేస్ పాడే అమ్మాయి అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నలుగురే పాడితే క్వార్టెట్, ఒక్కో స్వరానికి పదిమందో పాతికమందో చేరితే కోరస్. నాకు ఆసక్తి కలిగించేది ఈ రెండోదే, ఎందుకంటే నలుగురు చేసే పనే కష్టమైతే వందమందితో అది అసలు ఎలా సాధ్యమైందా అనిపిస్తుంది.

ముందు ఆ గరగర సంగతి చూద్దాం. బేస్ 220 హెర్ట్జ్ (సెకనుకి 220 కంపనాలు) దగ్గర పాడుతోందనుకోండి. గొంతు ఎప్పుడూ ఒక్క ఫ్రీక్వెన్సీతో ఆగదు, దాంతోపాటు 440, 660, 880, 1100, 1320, 1540 అంటూ హార్మోనిక్స్ వరసగా వస్తూనే ఉంటాయి. గాంధారం పాడే మనిషి సరిగ్గా 275 దగ్గర ఉంటే ఆమె నాలుగో హార్మోనిక్ 1100, అంటే బేస్ ఐదో హార్మోనిక్‌తో అతుక్కుపోతుంది. కీబోర్డులో గాంధారం 277కి కాస్త పైన ఉంటుంది, అప్పుడు దాని నాలుగో హార్మోనిక్ దాదాపు 1109, తేడా సెకనుకి తొమ్మిది సార్లు శబ్దం ఊగడంలా వినిపిస్తుంది. నిషాదం దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. హార్మోనిక్స్ లెక్క ప్రకారం అది 385 ఉండాలి, కీబోర్డు 392 ఇస్తుంది. 385కి నాలుగు రెట్లు 1540, బేస్ ఏడో హార్మోనిక్ కూడా అదే. 392కి నాలుగు రెట్లు 1568. సెకనుకి 28 సార్లు కొట్టుకునే శబ్దాన్ని చెవి ఊగడంగా లెక్కపెట్టలేదు, గరగరగా వింటుంది.

కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని 100 సెంట్లు అంటారు. గాంధారాన్ని అందులో 14 సెంట్లు దించాలి, నిషాదాన్ని 31 సెంట్లు దించాలి. బార్బర్‌షాప్ వాళ్ల ప్రాణమంతా ఆ 31లోనే ఉంది. దించగలిగితే నాలుగు స్వరాలూ 220, 275, 330, 385 అవుతాయి, అంటే 55కి వరసగా నాలుగు, ఐదు, ఆరు, ఏడు రెట్లు. ఇలా కుదిరినప్పుడు అక్కడ ఎవరూ పాడని 55 హెర్ట్జ్ గుమ్మనే శబ్దం కూడా అడుగున ఉన్నట్టు వినేవాళ్లకి తోస్తుంది, పైన ఎవరూ పాడని సన్నని స్వరాలు మోగుతాయి. కార్డ్ (ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపు) రింగ్ అయింది, లాక్ అయింది అంటారు వాళ్లు. 55 హెర్ట్జ్ మామూలు ఆడగొంతుకి అందదు, దాన్ని తయారుచేసేది విన్నవాళ్ల చెవీ మెదడే.

తంబురా విన్నవాళ్లకి ఇది మరీ కొత్తేం కాదు. షడ్జమం తీగ మీటితే ఎవరూ మీటని అంతర గాంధారం పలుకుతుంది, దాన్నే మనవాళ్లు స్వయంభూ గాంధారం అన్నారు, అది కూడా ఐదో హార్మోనిక్కే. 1921లో సి.వి. రామన్ (చిన్నప్పుడు చదువుకుంది మన విశాఖలోనే) తంబురా, వీణల మీద రాసిన పరిశోధనా పత్రంలో, తీగ ఆనే బ్రిడ్జి ఆకారం వల్ల మామూలు సూత్రం ప్రకారం వినబడకూడని హార్మోనిక్స్ కూడా బలంగా వస్తాయని చూపించాడు. తంబురాలో ఆ పని కొయ్యా, తీగా, ఒక దారం పోగూ చేస్తాయి. ఇక్కడ మనుషులు చేయాలి, పాట నడుస్తుండగానే, ప్రతి కార్డ్‌కీ.

అందుకే వీళ్ల పద్ధతులు బయటివాళ్లకి చాదస్తంలా కనిపిస్తాయి. గొంతులో వణుకు వద్దంటారు. ఆపెరా గొంతులు సెకనుకి ఐదారు సార్లు, అటు 50 సెంట్లు ఇటు 50 సెంట్లు ఊగుతాయి, ఆ ఊపులో 31 సెంట్ల తేడా ఏ మూలకి? అచ్చులన్నీ ఒకేలా పలకాలంటారు, ఇదీ ఫిజిక్సే. నోటి ఆకారాన్ని బట్టి ఏ హార్మోనిక్ పెరగాలో ఏది తగ్గాలో తేలుతుంది, కాబట్టి ఒకామె నోరు వెడల్పు చేసి ‘ఆ’ అని, పక్కామె గుండ్రంగా చుట్టి ‘ఆ’ అంటే స్వరం ఒకటే అయినా కలవాల్సిన హార్మోనిక్స్ ఒకరి దగ్గర ఉండి ఇంకొకరి దగ్గర ఉండవు. మగవాళ్ల బేస్ 110 దగ్గర పాడితే హార్మోనిక్స్ 110కి ఒకటి చొప్పున దట్టంగా ఉంటాయి, ఆడవాళ్లకి 220కి ఒకటి. పలచగా ఉన్నప్పుడు ఒక్కటి తప్పినా తెలిసిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది. ప్రతి కార్డ్‌నీ ఇలా స్వచ్ఛంగా శ్రుతి చేసుకుంటూ పోతే కొన్ని కార్డ్‌ల వరస తిరిగొచ్చేసరికి షడ్జమమే 21 సెంట్లు జారిపోతుంది, లెక్కే అలాంటిది. నాలుగు పల్లవులు అయ్యేసరికి పాట ఎక్కడో తేలుతుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన మందు చాలా తెలివైనది: లీడ్ తన వరసని తను స్థిరంగా పాడుకుంటూ పోవాలి, మిగిలిన ముగ్గురూ ఎప్పటికప్పుడు ఆమె చుట్టూ సర్దుకోవాలి. పాట చివర్లో ట్యాగ్ అని ఒకటి వస్తుంది, అందులో ఒకరు ఒకే స్వరాన్ని ఊపిరి బిగబట్టి లాగుతుంటే మిగతావాళ్లు ఆ స్వరం కింద, పైన కార్డ్‌లు మారుస్తారు. అదే స్వరం ఒక కార్డ్‌లో పంచమం, ఇంకో కార్డ్‌లో నిషాదం. హాలంతా ఈలలు మొదలయ్యేది అక్కడే.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే పాత కథ చాలాకాలం తప్పుగా చెప్పుకున్నారు. మీసాలు, చారల కోట్లు వేసుకున్న తెల్లవాళ్లు క్షౌరశాలలో కూర్చుని పాడుకున్న పాటగా దానికి బొమ్మ గీశారు. నిజానికి 19వ శతాబ్దం చివర్లో నల్లజాతివాళ్ల వీధి మూలల్లో, క్షౌరశాలల్లో ఈ పద్ధతి బాగా నడిచిందని, దాని మూలాలు అక్కడే ఉన్నాయని 1992లో లిన్ ఆబట్ అనే పరిశోధకుడు పాత పత్రికలూ జ్ఞాపకాలూ తవ్వి చూపించాడు. 1938లో ఓక్లహోమాలోని టల్సాలో ఓవెన్ క్యాష్, రూపర్ట్ హాల్ అనే ఇద్దరు ఈ పాట చచ్చిపోతోందని బెంగపడి మగవాళ్ల సంఘం పెట్టారు. అందులో అప్పట్లో ఆడవాళ్లకి చోటు లేదు. మొగుళ్లు ప్రాక్టీసుకి పోతుంటే ఇంట్లో కూర్చోవడం ఎందుకని 1945 జూలై 13న అదే ఊళ్లో ఎడ్నా మే ఆండర్సన్ తన ఇంట్లోనే కొంతమంది ఆడవాళ్లని పోగుచేసింది. అదే స్వీట్ అడెలైన్స్. ఆ ఏడాది చివరికి టల్సాలో 85 మంది అయ్యారు.

తర్వాతి అధ్యాయం గురించి వాళ్ల వేడుకల్లో ఎక్కువ మాట్లాడకపోవచ్చు గానీ మనం దాటేయకూడదు. 1950ల చివర్లో ఈ సంస్థ సభ్యత్వం తెల్లవాళ్లకే అని నిబంధన పెట్టుకుంది. నల్లవాళ్ల వీధుల్లోంచి వచ్చిన కార్డ్‌నే పాడుతూ! ఇది మాకొద్దని కొన్ని శాఖలు బయటికొచ్చి 1959లో హార్మొనీ ఇంక్ పేరుతో వేరే కుంపటి పెట్టుకున్నాయి. 1963లో కెనడాలోని ఒరిలియా శాఖ ఒక నల్లజాతి మహిళ సభ్యత్వం విషయంలో విడిపోయి వాళ్లతో కలిసింది. స్వీట్ అడెలైన్స్ ఆ నిబంధనని 1966లో గానీ తీసేయలేదు. ఇప్పుడు రెండు సంస్థలూ ఉన్నాయి, రెండూ పోటీలు పెడతాయి.

పోటీ అంటే మొదట క్వార్టెట్లే. 1947లో ఇల్లినాయ్‌లోని డెకటూర్ నుంచి వచ్చిన డెకటూరెట్స్ తొలి చాంపియన్లు. కోరస్‌లకి అంతర్జాతీయ పోటీ మొదలవడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ ఏడు విస్కాన్సిన్‌లోని రసీన్ శాఖ గెలిచింది. జడ్జీలు శబ్దం, సంగీతం, భావం, ప్రదర్శన అని విడివిడిగా మార్కులు వేస్తూ వచ్చారు. అందుకే తళుకుల బట్టలు, ఆఖరి వరసకి కూడా కనిపించే మేకప్, మెట్ల మెట్ల బల్లల మీద నిలబడి అందరూ ఒకేసారి చెయ్యెత్తడం. నాకైతే ఆ నవ్వులు కాస్త ఎక్కువే అనిపిస్తాయి, కానీ కళ్లు మూసుకుంటే ఆ ఫిర్యాదు ఉండదు.

వందమంది కలిస్తే లెక్క ప్రకారం ఒక్క గొంతు కంటే 20 డెసిబెల్స్ పెరుగుతుంది, అది సులువుగా వచ్చే లాభం. నష్టం ఎక్కడంటే, ఒకే స్వరం పాడేవాళ్లలో ఒకరు ఐదు సెంట్లు తేడాగా ఉన్నా 1540 హెర్ట్జ్ దగ్గర సెకనుకి నాలుగుసార్లకి పైగా ఊగుతుంది, అలాంటివాళ్లు పదిమంది ఉంటే మోగాల్సిన హార్మోనిక్ అలికేసినట్టవుతుంది. అందుకే పెద్ద కోరస్‌లో గొంతు బాగున్నవాళ్ల కంటే పక్కవాళ్లని వినేవాళ్లకి విలువ. టెనర్లని కూడా తక్కువమందినే పెడతారు, పైన ఉన్న గొంతు పలచగా, అడుగున ఉన్నది బలంగా ఉంటే కార్డ్ త్వరగా లాక్ అవుతుంది.

ఈ పాట స్వీడన్‌లో గట్టిగా పాతుకుపోయింది. 1980లో స్టాక్‌హోమ్‌లో హాగర్‌మన్, సుండ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బార్బర్‌షాప్ క్వార్టెట్లు పాడుతుంటే ఒక్కొక్కరి ఫ్రీక్వెన్సీ విడిగా కొలిచారు. వాళ్ల ఖచ్చితత్వం చాలా ఎక్కువని తేలింది, దాంతోపాటు వాళ్లు సిద్ధాంతం చెప్పిన స్వచ్ఛమైన అంతరాల నుంచి కొంచెం, కానీ ఒక క్రమంలోనే పక్కకి జరుగుతున్నారనీ తేలింది. అంటే చెవికి నచ్చేదీ కాగితం మీద లెక్కా పూర్తిగా ఒకటి కావు. 1989లో స్వీడన్ క్వార్టెట్ గ్రోయింగ్ గర్ల్స్ స్వీట్ అడెలైన్స్ కిరీటం గెలిచింది. 2013లో హోనలులూలో, స్టాక్‌హోమ్‌కి దక్షిణాన ఉన్న ఒక చిన్న ఊరి బృందం రోన్నింగె షో కోరస్, అమెరికన్ కోరస్‌లన్నిటినీ దాటి మొదటి స్థానం కొట్టింది.

వినాలనుకుంటే యూట్యూబ్‌లో వీళ్ల పోటీ వీడియోలు దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, చివరి ట్యాగ్ దగ్గర సౌండ్ కొంచెం పెంచండి, చప్పట్లు మాత్రం చెవులు అదరగొడతాయి, వెంటనే తగ్గించుకోవాలి.