సింగపూర్ గుడ్ షెపర్డ్ కథెడ్రల్: అపోహలు - వాస్తవాలు

సింగపూర్ వచ్చే తెలుగు కుటుంబాలకు పాత ఊరు తిప్పి చూపించడం నా పని. అక్కడి కతోలికుల ప్రధాన చర్చి గుడ్ షెపర్డ్ కథెడ్రల్ పేరెత్తగానే కొన్ని మాటలు దాదాపు ప్రతిసారీ వింటాను.

“సిటీ హాల్ స్టేషన్ పక్కనున్న తెల్లటి పెద్ద చర్చే కదా?”
కాదు. అది సెయింట్ ఆండ్రూస్, ఆంగ్లికన్ల (ఇంగ్లండ్ చర్చి శాఖవాళ్ల) కథెడ్రల్. భారతదేశం నుంచి తెచ్చిన ఖైదీల చేత కట్టించారు. గుల్ల సున్నంలో గుడ్డు తెల్లసొన, చక్కెర కలిపిన మద్రాసు సున్నం దాని గోడలకు పూశారు. అదీ తప్పక చూడండి, కానీ అది వేరు. ఇంకొందరు చైమ్స్‌లో ఫొటోలు దిగి కథెడ్రల్ చూసేశామనుకుంటారు. చైమ్స్ ఒకప్పటి కన్యాస్త్రీల కాన్వెంట్, ఇప్పుడక్కడ రెస్టారెంట్లు. అక్కడి నుంచి విక్టోరియా స్ట్రీట్ దాటితే గుడ్ షెపర్డ్ వస్తుంది.

“కథెడ్రల్ అంటే అన్నిటికన్నా పెద్ద చర్చి.”
సైజుతో పని లేదు. బిషప్ పీఠం ఉన్న చర్చి కథెడ్రల్. మన కతోలికులు డయోసిస్‌ను, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతాన్ని, మేత్రాసనం అంటారు, ఆ మాటలోనే ఆసనం ఉంది. 1847లో తెరిచిన ఈ చర్చికి కథెడ్రల్ హోదా 1888లో వచ్చింది.

“బ్రిటిష్ వాళ్లు కట్టించి ఉంటారు.”
పాలన వాళ్లదే. ఈ చర్చి కోసం పాటుపడింది మాత్రం ఫ్రెంచ్ మిషనరీ ఫాదర్ బ్యూరెల్.

“గుడ్ షెపర్డ్ అంటే యేసు ప్రభువు పేరు, అంతే.”
‘మంచి కాపరి’ యేసే. కానీ ఈ పేరు వెనక కొరియాలో జరిగిన ఒక కథ ఉంది. అక్కడ కతోలికులను వెతికి చంపుతున్న రోజుల్లో ఫ్రెంచ్ బిషప్ లోరాన్ ఆంబేర్ లొంగిపోయాడు. తాము ముగ్గురం లొంగిపోతే విశ్వాసుల ప్రాణాలు దక్కుతాయన్న ఆశతో, మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణమిస్తాడన్న వాక్యాన్ని గుర్తుచేస్తూ, తోటి గురువులు (ఫాదర్లు) మోబాన్, షాస్తాన్‌లకు చీటీ రాశాడు. వాళ్లిద్దరూ వచ్చి లొంగిపోయారు. 1839 సెప్టెంబరులో ముగ్గురి తలలూ నరికారు. నాలుగేళ్లకు ఇక్కడ శంకుస్థాపన జరిగింది, ఆ చీటీలోని మాటే చర్చికి పేరయింది. 1984లో ఆంబేర్‌ను పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. ఆయన అవశేషాలు ఈ కథెడ్రల్‌లోనే ఉన్నాయి. ఈ కథ చెప్పకుండా నేనెవరినీ లోపలికి తీసుకెళ్లను.

“క్రైస్తవులు కానివాళ్లు వెళ్లకూడదు.”
అందరూ వెళ్లవచ్చు. మన ఊళ్లలోలాగా చెప్పులు బయట విడవక్కర్లేదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. పూజ జరుగుతుంటే వెనక వరసలో కూర్చోండి, ఫోన్ తీయకండి.

“లైన్లో నిలబడి ప్రసాదం తీసుకోవచ్చు.”
దీని గురించే నాకు ఎక్కువ టెన్షన్. పూజలో గురువు ఇచ్చే చిన్న రొట్టెను తెలుగులో దివ్య సత్ప్రసాదం అంటారు కాబట్టి, గుడిలో చేయి చాపినట్టే ఎంతో భక్తితో చాపేవాళ్లున్నారు. తప్పు వాళ్లది కాదు, ముందే చెప్పాల్సిన బాధ్యత నాది. కతోలికులకు అది క్రీస్తు శరీరమే. అందుకే జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొంది, సిద్ధపడిన కతోలికులే తీసుకుంటారు. ఒకసారి మా గుంపులోని ఒక పెద్దావిడ దాన్ని మనవడికని కొంగులో కట్టుకోబోయారు. పక్కనున్న స్థానికురాలు మెల్లగా ఆమె చేయి పట్టుకుని గురువు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఒక్క మాట కూడా అనకుండా దాన్ని తీసుకుని, ఆమె తలపై చేయి పెట్టి ఆశీర్వదించారు. అప్పటి నుంచి గేటు దగ్గరే చెబుతున్నాను: లైన్లోకి వెళ్లకండి, మీ చోటే కూర్చోండి. మీ పక్కవాళ్లు వెళ్లడానికి కాస్త దారి ఇస్తే చాలు.